మెకానికల్, ఏరోస్పేస్‌లో రీసెర్చ్: ప్రయోగమా, సిమ్యులేషనా? ఏ ల్యాబ్, ఏ గైడ్, ఏ దేశం?

ఎంటెక్, పీహెచ్‌డీ సీట్లకు రాసే గేట్ పరీక్షలో ర్యాంకు చేతికొచ్చింది. రెండు మూడు చోట్ల నుంచి పిలుపులు కూడా వచ్చాయి. ఇంక తేల్చుకోవాల్సింది ఏ ల్యాబ్‌లో చేరాలన్నది. మన పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడ టాపిక్ పేరు చూసి మొగ్గుతారు. హైపర్‌సోనిక్స్ (ధ్వని కన్నా అయిదు రెట్లకు పైబడిన వేగాల శాస్త్రం) అంటే వినడానికే గొప్పగా ఉంటుంది. ఫెటీగ్ (పదేపదే పడే భారంతో లోహం అలసి పగలడం) అంటే పాత పాఠంలా అనిపిస్తుంది. డ్రోన్లంటే ఉద్యోగం ఖాయమనిపిస్తుంది. నేను ప్రయోగాల ల్యాబ్‌లో పరిశోధన చేసినవాణ్ణి. ఆ తర్వాత చాలామంది జూనియర్లు ల్యాబులు ఎంచుకోవడం దగ్గర నుంచి చూశాను. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, టాపిక్‌ని మూడో స్థానంలో పెట్టాలి. ముందు చూడాల్సింది రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేయబోయే పని ఎలాంటిదన్నది. తర్వాత గైడ్. ఈ రెండూ కుదిరితే ఏ టాపిక్ మీదైనా ఇష్టం పుడుతుంది. కుదరకపోతే ఎంత మెరిసే టాపిక్ అయినా రెండో ఏడాదికల్లా బరువైపోతుంది.

విభాగం పేరు గురించి కంగారు అక్కర్లేదు. హైదరాబాద్ ఐఐటీలో మెకానికల్, ఏరోస్పేస్ కలిపి ఒకే విభాగం. అమెరికాలో ప్రిన్స్‌టన్, కార్నెల్, యూసీఎల్‌ఏలలో కూడా అంతే. బెంగళూరు ఐఐఎస్‌సీలో, మద్రాస్, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఏరోస్పేస్ విడి విభాగం. కలిపి ఉన్నచోట మెకానికల్ బీటెక్ పిల్లాడు టర్బైన్ బ్లేడు మీద కోర్సు, ఆర్బిటల్ మెకానిక్స్ మీద కోర్సు ఒకే సెమిస్టర్‌లో తీసుకోవడం తేలిక. అంతకు మించి తేడా చిన్నది. రెక్క మీద గాలి పారినా, పైపులో నీరు పారినా సమీకరణాలు అవే.

ప్రయోగమా, సిమ్యులేషనా

అసలు నిర్ణయం ఇదే. ఫ్లూయిడ్స్, సాలిడ్స్, దహనం ఏదైనా తీసుకోండి, అన్నింట్లోనూ ఈ రెండు దారులుంటాయి. రెండింటి జీవితాలకీ పోలికే ఉండదు.

ప్రయోగాల ల్యాబ్‌లో మొదటి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర, ఫలితాలంటూ ఏమీ ఉండవు. సెటప్ కట్టడంతోనే సరిపోతుంది. డ్రాయింగ్ గీయాలి. వర్క్‌షాప్‌లో టెక్నీషియన్‌తో కూర్చుని కొలతలో ఎంత కచ్చితత్వం (టాలరెన్స్) సాధ్యమో, ఏది కాదో మాట్లాడాలి. కొటేషన్లు తెప్పించాలి, ప్రభుత్వ కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో కొనుగోలు ఫైలు కదిలించాలి, టెండరు ముగిసేదాకా ఆగాలి. సామాను వచ్చాక లీకులు వెతకాలి, ప్రెషర్ సెన్సర్లు క్యాలిబ్రేట్ చేయాలి. పీఐవీ చేసే ల్యాబ్ అయితే ప్రవాహంలోకి సన్నని కణాలు వదిలి, లేజర్ వెలుగును పలచని పొరలా పరిచి, వెంటవెంటనే రెండు ఫొటోలు తీసి, ఆ మధ్యలో కణాలు ఎంత జరిగాయో లెక్కగట్టాలి. అద్దం ఒకటి కాస్త పక్కకు తిరిగితే ఆ రోజు అంతటితో సరి. షాక్ తరంగంతో అతి వేగపు గాలిని పుట్టించే షాక్ టన్నెల్లో అయితే ప్రవాహం నిలకడగా ఉండేది మిల్లీ సెకను ప్రాంతంలోనే. ఆ మిల్లీ సెకను కోసం మోడల్‌నీ సెన్సర్లనీ రోజుల తరబడి సిద్ధం చేస్తారు.

ఇంత చేశాక దొరికేది మీరు తప్ప ఎవరూ కొలవని సంఖ్య. దాని విలువ నిలుస్తుంది. మన దేశంలో ఈ రంగం ఎదిగిందే అలా. కాల్టెక్‌లో డాక్టరేట్ చేసి 1951లో ఐఐఎస్‌సీకి వచ్చిన సతీష్ ధావన్, 1 అంగుళం, 3 అంగుళాల కొలతలతో ఒక చిన్న సూపర్‌సోనిక్ టన్నెల్ కట్టించారు. ఇవాళ శ్రీహరికోట కేంద్రానికి ఉన్నది ఆయన పేరే. ఆయన, ఆయన విద్యార్థి రొద్దం నరసింహ కలిసి 1958లో ప్రచురించిన పేపరు, ఉపరితలాన్ని అంటిపెట్టుకుని సాఫీగా పారే గాలి పొర అల్లకల్లోలంగా మారే దశ గురించినది. టర్బైన్ బ్లేడ్ల మీద పనిచేసేవాళ్లు దాన్ని ఇప్పటికీ తీసి చూస్తారు. అప్పట్లో వాళ్ల చేతిలో ఉన్నవి చిన్న టన్నెల్, గాలి వేగాన్ని కొలిచే సన్నని వేడి తీగ (హాట్ వైర్), ఓపిక. పెద్ద యంత్రం ఉంటేనే పెద్ద పరిశోధన అనుకునేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను.

సిమ్యులేషన్ ల్యాబ్‌లో అడుగుపెట్టడం తేలిక. ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహ లెక్కల సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాప్‌టాప్ ఉంటే మొదటి వారంలోనే రంగురంగుల బొమ్మ వచ్చేస్తుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఫ్లూయెంట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో జామెట్రీ పెట్టి, దాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి (మెష్ వేసి), బటన్ నొక్కి కాంటూర్ బొమ్మలు తీయడం బీటెక్ ప్రాజెక్టుకు సరిపోతుంది, డాక్టరేట్‌కు సరిపోదు. అసలు పని మెష్ మార్చినా జవాబు మారకుండా ఉందా అని చూడటం, ప్రయోగ ఫలితాలతో సరిచూడటం, టర్బులెన్స్ (అల్లకల్లోల ప్రవాహం) మోడల్ ఎక్కడ అబద్ధం చెబుతోందో పట్టుకోవడం. ఇంకా లోతుకు వెళ్లేవాళ్లు సమీకరణాలను సాధించే ప్రోగ్రామ్‌ను, అంటే సాల్వర్‌ను సొంతంగా రాస్తారు, ఫోర్ట్రాన్‌లోనో సీ ప్లస్ ప్లస్‌లోనో. వేల ప్రాసెసర్ల మీద అది ఎందుకు నత్తనడక నడుస్తోందో వెతుకుతూ నెలలు గడుపుతారు. అలాంటి పని ఇష్టమైతే ఇదే మీ చోటు.

ఖర్చు లెక్క కూడా తెలుసుకోండి. మోడల్ ఏదీ వాడకుండా టర్బులెన్స్‌లోని అతి చిన్న సుడి దాకా నేరుగా లెక్కగట్టే పద్ధతిని డీఎన్‌ఎస్ అంటారు. అందులో రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహ వేగం, వస్తువు సైజు పెరిగేకొద్దీ పెరిగేది) రెండింతలైతే లెక్క దాదాపు ఎనిమిదింతలు అవుతుంది. అందుకే విమానం మొత్తానికి డీఎన్‌ఎస్ ఇవాళ్టి సూపర్ కంప్యూటర్లకూ అందని పని. కాబట్టి సిమ్యులేషన్ ల్యాబ్‌కు వెళ్లేటప్పుడు మొదట అడగాల్సింది కంప్యూటర్ సమయం గురించి. జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవ, ఐఐఎస్‌సీలో పరమ్ ప్రవేగ ఉన్నాయి. యంత్రం ఉండటం ఒకటి, మీ గ్రూపు జాబ్ క్యూలో ఎన్ని రోజులు పడి ఉంటుందన్నది మరొకటి. ఆ రెండో సంగతి సీనియర్లకే తెలుస్తుంది.

ఎవరికి ఏది? పాత సైకిలో ఫ్యానో విప్పి బిగించడం చిన్నప్పటి నుంచి ఇష్టమైనవాళ్లు, ఒక పని వారంపాటు చెడిపోయినా మళ్లీ మొదలుపెట్టగలిగేవాళ్లు ప్రయోగానికి వెళ్లండి. ఏకాంతంగా కూర్చుని ఒక తప్పును మూడు రోజులు వెంటాడగలిగేవాళ్లు, గణితం అంటే భయం లేనివాళ్లు సిమ్యులేషన్‌కు వెళ్లండి. ఇంటి పరిస్థితుల వల్ల మధ్యమధ్యలో ఊరు వెళ్లాల్సి వస్తుందనుకునేవాళ్లకు కూడా సిమ్యులేషనే నయం, ఎందుకంటే కోడ్‌ను ఎక్కడి నుంచైనా నడపొచ్చు, టన్నెల్‌ను నడపలేం. కాగితం, పెన్సిల్‌తో సాగే శుద్ధ సిద్ధాంతం కూడా ఉంది. అది చేయించగల గైడ్లు బహు తక్కువ, చేయగల విద్యార్థులకు ఆ సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు.

రెండూ చేయిస్తామనే గైడ్లు ఉంటారు. మంచిదే, కానీ ఒకటి ప్రధానం, రెండోది దానికి తోడు అన్న స్పష్టత ఉండాలి. రెండూ సగం సగం చేసిన థీసిస్ పరీక్షకుల ముందు రెండువైపులా దొరికిపోతుంది.

రంగాల పోలిక

దహనం, ప్రొపల్షన్: దూరపు కొండలు నునుపు అన్నమాట దీనికి బాగా సరిపోతుంది. ఇస్రో 2016 ఆగస్టు 28న స్క్రామ్‌జెట్ ఇంజిన్‌ను పరీక్షించింది. డీఆర్‌డీఓ 2020 సెప్టెంబర్ 7న హెచ్‌ఎస్‌టీడీవీ అనే హైపర్‌సోనిక్ పరీక్షా వాహనాన్ని ఎగరేసింది. వార్తల్లో చూసి చాలామంది ఇటు వస్తారు. లోపల ఉన్న చిక్కు ఏమిటంటే, గాలి ధ్వని కన్నా వేగంగా దూసుకుపోతుండగానే ఇంధనం అందులో కలవాలి, మండాలి, మంట నిలబడాలి. అన్నింటికీ కలిపి దొరికే వ్యవధి మిల్లీ సెకన్లలో ఉంటుంది. ఇది నిజంగా గొప్ప సమస్య. అయితే ల్యాబ్ స్థాయిలో మీరు చేయబోయేది పూర్తి ఇంజిన్ కాదు. ఒక ఇంజెక్టర్, ఒక చిన్న క్యావిటీ, క్వార్ట్జ్ కిటికీ గుండా చూసే ఒక మంట. భద్రత నియమాలు కఠినంగా ఉంటాయి, అలా ఉండాలి కూడా. మద్రాస్ ఐఐటీలోని జాతీయ దహన పరిశోధన కేంద్రం లాంటి చోట వసతులకు లోటు లేదు. రక్షణ సంస్థల నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో కొన్నిటికి పేపరు ప్రచురించే ముందు అనుమతి కావాలి. మీ థీసిస్ భాగం అలాంటిదా అని చేరకముందే అడగండి. తర్వాత అడిగితే లాభం లేదు.

సాలిడ్ మెకానిక్స్, ఫెటీగ్, ఫ్రాక్చర్: మన విద్యార్థులు తక్కువ అంచనా వేసే రంగం ఇదే, నాకు బాధ కలిగించే విషయం కూడా ఇదే. 1954 జనవరిలో ఎల్బా దీవి దగ్గర, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర రెండు కామెట్ జెట్ విమానాలు గాల్లోనే ముక్కలయ్యాయి. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో మరో కామెట్‌ను పెద్ద నీళ్ల తొట్టెలో పెట్టి, క్యాబిన్‌లో ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోతే, ఒక ఓపెనింగ్ మూల దగ్గర మొదలైన పగులు విమానం ఒళ్లంతా చీల్చేసింది. ఇవాళ మనం నిశ్చింతగా శంషాబాద్‌లో విమానం ఎక్కుతున్నామంటే పగులు ఎంత వేగంగా పెరుగుతుందో లెక్కగట్టిన మనుషులు కారణం. ఈ రంగంలో ఓపిక ముఖ్యం. సెకనుకు 10 సార్లు లాగి వదిలే యంత్రంలో ఒక ముక్కను కోటి సార్లు లాగాలంటే 11 రోజులకు పైనే పడుతుంది, అది ఒక్క పాయింటు. గ్రాఫ్ గీయడానికి అలాంటివి ఎన్నో కావాలి. అందుకే ఎన్ని టెస్టింగ్ యంత్రాలున్నాయి, ఎంతమంది వాటి కోసం కాచుకుని ఉన్నారు అన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

మెటల్ త్రీడీ ప్రింటింగ్: హైదరాబాద్‌లో ఉండాలనుకునేవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే. కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక మిశ్రమలోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధాని, బాలాపూర్‌లో పొడి లోహాల మీద పనిచేసే పరిశోధన కేంద్రం ఆర్కీ (ఏఆర్‌సీఐ), అన్నీ ఒక్క ఊళ్లోనే. 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను పంపిన స్కైరూట్ కంపెనీ కూడా ఇక్కడిదే. చెన్నై కంపెనీ అగ్నికుల్ 2024 మే 30న ఎగరేసిన రాకెట్‌లో ఇంజిన్‌ను ఒకే ముక్కగా ప్రింట్ చేశారు. పొడి పొర మీద లేజర్ నడిచినచోట లోహం కరిగి వెంటనే గడ్డకడుతుంది. అందువల్ల లోపల ఒత్తిళ్లు మిగిలిపోతాయి, సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఆ ముక్క ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే అందరి ప్రశ్న, అంటే మళ్లీ ఫెటీగ్ దగ్గరికే వచ్చాం. ఒక్క హెచ్చరిక: ప్రింట్ చేసి, కోసి, మైక్రోస్కోప్ కింద ఫొటో తీసి, గట్టిదనం కొలిచి ఆపేసే పేపర్లు ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. ఎందుకు అలా అయిందో వివరించే మోడల్ కూడా చేయించే గైడ్‌ని వెతకండి.

కంట్రోల్స్, డ్రోన్లు: ఫలితం కళ్లముందు ఎగురుతుంది, సెటప్ ఖర్చు తక్కువ, నేర్చుకున్న కోడింగ్ వేరే రంగాల్లోనూ పనికొస్తుంది. హైదరాబాద్ ఐఐటీలో తిహాన్ పేరుతో స్వయంచాలిత వాహనాల పరీక్షా కేంద్రం ఉంది. ఉద్యోగం తొందరగా కావాలనుకునేవాళ్లకు ఇది మంచి ఎంపిక. గణితం లేకుండా డ్రోన్ ఎగరేయడం మాత్రమే చేయిస్తే, అది పరిశోధన అనిపించుకోదు.

గైడ్

కొత్తగా చేరిన ప్రొఫెసర్ దగ్గర ల్యాబ్ ఖాళీగా ఉంటుంది, కానీ ఆయన సమయం మీకు దొరుకుతుంది. పక్కన కూర్చుని కోడ్ చూస్తారు, పేపరులో ప్రతి వాక్యం దిద్దుతారు. పెద్ద ప్రొఫెసర్ దగ్గర యంత్రాలు నడుస్తూ ఉంటాయి, పరిచయాలుంటాయి, ఆయనను కలవాలంటే మాత్రం వారాలు పట్టొచ్చు. అక్కడ మీకు నిజంగా నేర్పేది సీనియర్లు, డాక్టరేట్ పూర్తిచేసి అక్కడే పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌లు. నా సలహా ఇది. ప్రయోగాలైతే అప్పటికే నడుస్తున్న సెటప్ ఉన్న చోట చేరండి, కట్టడమే మీకు ఇష్టమైతే తప్ప. సిమ్యులేషన్ అయితే కొత్త ప్రొఫెసర్‌ని ధైర్యంగా ఎంచుకోండి.

ల్యాబ్ వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి మోసపోకండి. గత అయిదారేళ్లలో ఆ ల్యాబ్ నుంచి వచ్చిన థీసిస్‌లు తెరిచి, ఎవరు ఎన్నేళ్లలో బయటపడ్డారో చూడండి. మధ్యలో మానేసినవాళ్లున్నారా? ఉంటే వీలైతే వాళ్లతోనూ మాట్లాడండి. ఇప్పుడున్న సీనియర్‌కి ఫోన్ చేసి, "అన్నా, సార్ వారానికి ఎంతసేపు కూర్చుంటారు? డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు తిరిగిస్తారు? సెటప్ చెడిపోతే బాగుచేయించడానికి డబ్బుంటుందా?" అని సూటిగా అడగండి. సీనియర్ అక్క ఉంటే ఆమెనూ అడగండి, ముఖ్యంగా అమ్మాయిలు, రాత్రి పొద్దుపోయేదాకా ల్యాబ్‌లో ఉండాల్సి వస్తే అక్కడి వాతావరణం ఎలా ఉంటుందని. జవాబు చెప్పేముందు అవతలి మనిషి ఎంతసేపు ఆగారో గమనించండి.

ఇక్కడా, బయటా

డబ్బు సంగతి దాచుకోకుండా మాట్లాడుకుందాం. గేట్‌తో ఎంటెక్‌కు నెలకు రూ. 12,400. పీహెచ్‌డీకి 2023 నుంచి మొదటి రెండేళ్లు రూ. 37,000, తర్వాత రూ. 42,000, ఆపైన ఇంటద్దె భత్యం. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదట్లోనే రూ. 70,000. రీసెర్చ్ మీద ఇష్టం ఉందో లేదో తేలనివాళ్లకు హైదరాబాద్ ఐఐటీలో ఉన్న మూడేళ్ల రీసెర్చ్ అసిస్టెంట్ ఎంటెక్, ఐఐఎస్‌సీ ఎంటెక్ రీసెర్చ్ మంచి మధ్యమార్గాలు. మామూలు రెండేళ్ల ఎంటెక్‌లో పరిశోధన రుచి తెలిసేలోపు ప్లేస్‌మెంట్లు వచ్చేస్తాయి.

అమెరికా విషయంలో మన ఇళ్లలో ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. రాకెట్లు, క్షిపణులు, సైనిక విమానాల సాంకేతికత మీద అక్కడ ఐటార్ అనే ఎగుమతి నియంత్రణ నిబంధనలున్నాయి. ఆ పరిధిలోకి వచ్చే సమాచారాన్ని విదేశీ విద్యార్థికి చూపించడం కూడా ఎగుమతి కిందే లెక్క. అందరికీ ప్రచురించే మౌలిక పరిశోధనకు మినహాయింపు ఉంది కాబట్టి టర్బులెన్స్, దహన రసాయనం, పగుళ్ల సిద్ధాంతం లాంటివి చదువుకోవడానికి అడ్డులేదు. కానీ రక్షణ శాఖ నిధులున్న కొన్ని ప్రాజెక్టుల్లోకి పౌరులనూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనూ మాత్రమే తీసుకుంటారు. చదువు అయ్యాక రాకెట్ కంపెనీల్లో ఉద్యోగానికీ అదే గోడ. లక్షల అప్పు చేసి ఏరోస్పేస్ ఎంఎస్‌కు వెళ్లి, అక్కడికి చేరాక ఇది తెలుసుకున్న పిల్లల్ని చూశాను. వాళ్ల తప్పేం లేదు, చెప్పేవాళ్లు లేకపోయారు.

కాబట్టి అమెరికా వెళ్లాలనుకుంటే స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీకే వెళ్లండి. అదే విభాగంలో మెకానికల్ వైపు, అంటే ఉష్ణ బదిలీ, బయోమెకానిక్స్, చిప్పుల తయారీకి పనికొచ్చే పదార్థాలు, బ్యాటరీల వంటి వాటివైపు మొగ్గండి. అక్కడ ఈ ఇబ్బంది చాలా తక్కువ. రాకెట్లే మీ ప్రాణమైతే బెంగళూరు, తిరువనంతపురం, చెన్నై, హైదరాబాద్ మీకు ఇచ్చేది బయట దేశాలు ఇవ్వలేవు. ఇక్కడ ఇంజిన్ దగ్గర నిలబడే హక్కు మీకుంది.

చేతిలో రెండు సీట్లున్నప్పుడు

పేరున్న సంస్థలో ఇష్టంలేని పనీ, కాస్త తక్కువ పేరున్న చోట నచ్చిన పనీ వస్తే రెండోదే తీసుకోమంటాను, గైడ్ మంచివాడని సీనియర్లు చెబితేనే. రెండు చోట్లా పని ఒకేలాంటిదైతే గైడ్‌ని చూడండి. గైడ్లూ సమానమైతే అప్పుడు టాపిక్. ఇంకా బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నవాళ్లయితే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసి, రెండు నెలలు ఏదో ఒక ల్యాబ్‌లో కూర్చోండి. ఎంత చదివినా తెలియని సంగతులు అక్కడ తెలుస్తాయి.

ఎంటెక్ సీట్లలో గైడ్‌ని కొన్నిచోట్ల చేరాక కేటాయిస్తారు, కొన్నిచోట్ల సీటే ప్రాజెక్టుకు కట్టి ఉంటుంది. ఏది ఎలాంటిదో విభాగం ఆఫీసుకు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఎంటెక్ సీట్ల ఆఫర్లను ఒప్పుకునే ఐఐటీల ఉమ్మడి సీఓఏపీ పోర్టల్‌లో 'యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్' నొక్కాక వెనక్కి రావడం ఉండదు. 'రిటైన్ అండ్ వెయిట్' పెట్టుకోగలిగే రౌండ్లలోనే సీనియర్లకు ఫోన్లు, ప్రొఫెసర్లకు మెయిళ్లు, వీలైతే ల్యాబ్ చూసి రావడం, అన్నీ ముగించండి.